పీట్ లేని కుండీ: చిత్తడినేలల కోసం తోటమాలి చేయగలిగిన పని

(ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు నుంచి ఎత్తి రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనుక వరుసల్లో కూర్చున్న వారికి నా మాట వినిపిస్తున్నదా? చేతులు ఊపుతున్నారు, సంతోషం. మొదలుపెట్టే ముందు ఈ బల్ల వైపు ఒకసారి చూడమని కోరుతున్నాను. ఇక్కడ నాలుగు గిన్నెలు పెట్టాను. మొదటి దానిలో ఉన్నది పీట్. రెండవ దానిలో కొబ్బరి పొట్టు, మూడవ దానిలో మాగబెట్టిన చెట్టు బెరడు, నాలుగవ దానిలో ఆకుల ఎరువు ఉన్నాయి. దూరం నుంచి చూస్తే నాలుగూ ఒకే ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి. చేతిలోకి తీసుకున్నా పెద్దగా తేడా తెలియదు. కానీ ఈ నాలుగింటిలో మూడు, కొద్ది సంవత్సరాల క్రితం వరకు చెట్ల మీద ఉన్నవి. ఒక్కటి మాత్రం, ఈ మొదటి గిన్నెలోది, కొన్ని వందల ఏళ్ళ క్రితమో, కొన్ని వేల ఏళ్ళ క్రితమో బతికిన నాచు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ తేడా గురించే.

ముందుగా ఒక పేరు విషయంలో పొరపాటు పడకుండా చూసుకుందాము. మనం కోకోపీట్ అని పిలిచేది పీట్ కాదు. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసిన తరువాత మిగిలే పొట్టు చూడడానికి పీట్‌ను పోలి ఉంటుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది. పీట్ మాస్ అన్న పేరుతో సంచుల్లో దొరికేది మాత్రం అసలు పీటే. రెండు పేర్లూ పక్కపక్కనే వినబడడం వల్ల ఒకదాని బదులు ఇంకొకటి కొన్నవారు, రెండూ ఒకటేనని నమ్మినవారు నాకు చాలామంది తెలుసు. నేను పీట్ అన్నప్పుడల్లా చిత్తడినేల నుంచి తవ్వి తీసిన పదార్థం గురించే మాట్లాడుతున్నానని గుర్తుంచుకోండి.

మరి పీట్ అంటే ఏమిటి? మట్టి అని చాలామంది అనుకుంటారు. అది మట్టి కాదు. రాయి అరిగి పొడి అయిన దానికి జీవపదార్థం కలిస్తే మట్టి అవుతుంది. పీట్‌లో రాయి పాలు నామమాత్రమే. అది దాదాపు పూర్తిగా మొక్క. సగం చివికి, అక్కడే ఆగిపోయిన మొక్క. ఆగిపోయింది అన్న మాటను గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే విషయమంతా అందులోనే ఉన్నది. పెరట్లో ఒక ఆకు రాలితే ఏమవుతుంది? శిలీంధ్రాలు, బాక్టీరియా, వానపాములు దాని పని పడతాయి, ఒకటి రెండు సంవత్సరాలలో ఆకు ఆనవాలు లేకుండా పోతుంది, దానిలోని కర్బనంలో చాలా భాగం కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి తిరిగి వెళుతుంది. ఈ పని సాగడానికి గాలి కావాలి. నీరు ఎప్పుడూ నేల పైభాగం దాకా నిలిచి ఉండే చోట ఆ గాలి లోపలికి చేరదు. అక్కడ మొక్క చనిపోతుంది కానీ పూర్తిగా చివకదు. నిరుటి మొక్క మీద ఈ ఏటి మొక్క, దాని మీద మరుసటి ఏటి మొక్క చేరుతూ పొర మీద పొర పేరుకుంటుంది. ఆ పొరలే పీట్.

ఈ పని చేసే మొక్కల్లో ముఖ్యమైనది స్ఫాగ్నం అనే నాచు. ఇందులో కొన్ని వందల జాతులు ఉన్నాయి. దీనికి వేళ్ళు లేవు. కొన పైకి పెరుగుతూ ఉంటుంది, అడుగు చనిపోతూ ఉంటుంది. దాని ఆకుల్లో పచ్చని బతికి ఉన్న కణాల మధ్య ఖాళీగా, గుల్లగా, చిన్న రంధ్రాలతో ఉండే చనిపోయిన కణాలు ఉంటాయి. ఆ గుల్లల నిండా నీరు పట్టుకుని, స్ఫాగ్నం తన పొడి బరువుకు 20 రెట్ల దాకా నీటిని దాచుకోగలదు. అంతటితో ఆగదు. నీటిలో ఉన్న కొద్దిపాటి ఖనిజాలను పీల్చుకుని బదులుగా ఆమ్లాన్ని వదులుతుంది. చుట్టూ నీరు పుల్లబడుతుంది, పుల్లబడిన నీటిలో చివకబెట్టే సూక్ష్మజీవులు ఇంకా నీరసిస్తాయి. అంటే ఈ చిన్న నాచు తనకు కావలసిన చిత్తడిని తానే తయారు చేసుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో దూది కరువైనప్పుడు గాయాలకు కట్టడానికి ఈ నాచునే ఎండబెట్టి వాడారు. రక్తాన్ని పీల్చుకునే గుణం, సూక్ష్మజీవులను అణచే గుణం రెండూ దానిలో ఉన్నందువల్లనే అది సాధ్యమైంది.

వాన నీటి మీదే బతికే ఇటువంటి చిత్తడిలో పోషకాలు ఎంత తక్కువ అంటే, అక్కడి కొన్ని మొక్కలు నత్రజని కోసం పురుగులను పట్టి తినవలసి వచ్చింది. డ్రోసెరా అనే మొక్క తన ఆకుల మీది జిగురు బొట్లతో దోమలను, చిన్న ఈగలను పట్టుకుంటుంది. ఈ విషయాన్ని మనసులో పెట్టుకోండి, కుండీల దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ అవసరం పడుతుంది. పీట్ ఎరువు కాదు. అది మొక్కకు పెట్టే తిండి దాదాపు ఏమీ లేదు.

చివకడం ఆగిపోతే ఏమి జరుగుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను. 1950లో డెన్మార్క్‌లోని సిల్కెబోర్గ్ పట్టణ సమీపంలో పీట్ తవ్వుతున్న వారికి ఒక మనిషి శవం కనబడింది. ముఖం మీద ముడతలు, గడ్డం మీద మొలుస్తున్న వెంట్రుకలు స్పష్టంగా ఉండడంతో ఇటీవలి హత్యేమోనని పోలీసులకు కబురు చేశారు. పరీక్షించి చూస్తే అతను సుమారు 2,400 ఏళ్ళ నాటి మనిషి. కడుపులో అతను చివరిసారి తిన్న గంజి కూడా మిగిలి ఉన్నది. టోలుండ్ మనిషి అని అతనికి పేరు పెట్టారు. రెండవది ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ పల్లపు నేలల్లో ఉన్న ఒక చెక్క దారి. 1970లో రే స్వీట్ అనే పీట్ తవ్వే పనివాడికి అది తగిలింది, అందుకే దానిని స్వీట్ ట్రాక్ అంటారు. ఆ దుంగల్లోని వార్షిక వలయాలను లెక్కించి, ఆ చెట్లను క్రీస్తుపూర్వం 3807, 3806 ప్రాంతంలో నరికారని తేల్చారు. దాదాపు 5,800 ఏళ్ళ పాటు చెక్క చెక్కగానే ఉన్నది.

ఈ రెండూ పీట్ తవ్వడం వల్లనే కదా దొరికాయి అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు పారలతో తవ్వేవారు, పారకు ఏదైనా తగిలితే ఆగి చూసేవారు. ఇప్పుడు యంత్రాలు పైపొరను పొడి చేసి పీల్చుకుంటూ పోతాయి. ఆ యంత్రం రావడానికి ఎంతో ముందే కాలువలు తవ్వి నేలను ఎండబెడతారు. ఎండిన నాడే లోపలి చెక్క, తోలు, గింజ, పుప్పొడి అన్నీ చివకడం మొదలవుతుంది. పుప్పొడి అంటున్నాను, ఎందుకంటే 1916లో స్వీడన్ శాస్త్రవేత్త లెనార్ట్ ఫాన్ పోస్ట్ పీట్ పొరల్లోని పుప్పొడిని లెక్కపెట్టి, వేల ఏళ్ళుగా ఏ కాలంలో ఏ చెట్లు పెరిగాయో చెప్పవచ్చని చూపించారు. పొరలు చెదిరితే ఆ లెక్కా పోతుంది.

ఇక కర్బనం విషయానికి వస్తాను. భూమి మీద నేల మొత్తంలో పీట్ నేలలు సుమారు 3 శాతం మాత్రమే. కానీ ప్రపంచంలోని అడవులన్నింటిలో చెట్ల రూపంలో ఉన్న కర్బనం కన్నా ఎక్కువ కర్బనం ఈ 3 శాతంలో ఉన్నది. ఇంకొకసారి చెబుతాను, అన్ని అడవుల చెట్లనూ కలిపినా అంత లేదు. మధ్య ఆఫ్రికాలో కాంగో నది పరీవాహక ప్రాంతంలో సుమారు 1,45,500 చదరపు కిలోమీటర్ల పీట్ నేల ఉన్నదని, అందులో దాదాపు 3,000 కోట్ల టన్నుల కర్బనం ఉన్నదని 2017లో మాత్రమే లోకానికి తెలిసింది. తోటలకు వచ్చే పీట్ అక్కడిది కాదు, అది ఎక్కువగా కెనడా, బాల్టిక్ దేశాలు, జర్మనీ, ఐర్లండ్ వంటి చల్లని ఉత్తర దేశాలది. అయినా ఈ నేలల గురించి మనకు తెలిసింది ఎంత కొద్దో చెప్పడానికి కాంగో సంగతి ఎత్తాను.

నీరు నిలిచినంత కాలం ఆ కర్బనం అక్కడే ఉంటుంది. నీరు తీసేస్తే గాలి లోపలికి వెళుతుంది, వేల ఏళ్ళ క్రితం ఆగిన పని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మళ్ళీ మొదలవుతుంది. ఇంగ్లండ్‌లోని హోమ్ ఫెన్ అనే చోట 1850 ప్రాంతంలో ఒక పెద్ద మడుగును, దాని చుట్టూ ఉన్న పీట్ నేలను ఎండబెట్టారు. నేల ఎంత కుంగుతుందో చూద్దామని ఒక ఇనుప స్తంభాన్ని అడుగున ఉన్న గట్టి బంకమన్ను దాకా దించి, దాని తల నేలకు సమంగా ఉండేటట్టు పాతారు. ఈ రోజు ఆ స్తంభం నేల నుంచి దాదాపు 4 మీటర్ల ఎత్తున నిలబడి ఉన్నది. స్తంభం పైకి లేవలేదు. నేలే దిగిపోయింది. నీరు పోయి కొంత అణిగింది, మిగిలినది చివికి గాలిలో కలిసింది. ఇద్దరు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడిన దానికన్నా ఎక్కువ లోతు నేల, రెండు వందల ఏళ్ళు కూడా కాకుండానే పోయింది.

తోటమాలికి దీనితో ఏమి సంబంధం? ఒక చిన్న లెక్క చెబుతాను, కాగితం ఉన్నవారు వేసి చూడండి. బతికి ఉన్న చిత్తడినేలలో పీట్ ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మందాన పేరుకుంటుంది. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందం అంటే ఎంత? సరిగ్గా ఒక లీటరు. అంటే చదరపు మీటరు నేల ఒక ఏడాదంతా కష్టపడితే ఒక లీటరు పీట్ తయారవుతుంది. ఇప్పుడు 50 లీటర్ల సంచిని తలచుకోండి. చదరపు మీటరు నేల 50 ఏళ్ళు చేసిన పని ఆ సంచిలో ఉన్నది. సంచిలోకి ఎక్కించేటప్పుడు పీట్ గుల్లబారుతుంది కనుక లెక్క కొంత అటూ ఇటూ కావచ్చు, కానీ తరహా మారదు. ఆ 50 ఏళ్ళ పనిని మనం నాలుగు నెలలు పూసే బంతి మొక్కల అడుగున పోస్తాము. పూలు అయిపోయాక పాదులో గుమ్మరిస్తాము. అక్కడ గాలి తగులుతుంది, కొద్ది సంవత్సరాలలో అది కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. కుండీలో పోయడమంటే, ఆగిన కుళ్ళును మన చేతులతో మళ్ళీ నడిపించడమే.

యంత్రంతో పీట్ తీసే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. కాలువలు తవ్వి నీరు దించుతారు, పైన బతికి ఉన్న నాచును మొత్తం గీకేస్తారు, పైపొరను గీరి ఎండలో ఆరబెట్టి పీల్చుకుంటారు. ఒక్క సీజన్‌లో కొన్ని సెంటీమీటర్ల మందం పోతుంది. సెంటీమీటరుకు పది ఏళ్ళు, మీరే లెక్కించుకోండి.

తోటలోకి పీట్ ఎప్పుడు వచ్చింది?

పీట్ లేకుండా మొక్కలు ఎలా పెరుగుతాయి అని నన్ను అడిగేవారికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను. నూరేళ్ళ క్రితం ఎలా పెరిగాయి? కుండీల్లో పీట్ వాడకం మనం అనుకునేంత పాతది కాదు. 1930లలో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ ఉద్యాన పరిశోధన సంస్థలో లారెన్స్, న్యూవెల్ అనే ఇద్దరు, ప్రిములా అనే పూల మొక్క మొలకలు చచ్చిపోవడాన్ని ఆపే ప్రయత్నంలో, ఎప్పుడు చేసినా ఒకే విధంగా ఉండే మిశ్రమాన్ని రూపొందించారు. ఏడు పాళ్ళు ఆవిరి పట్టిన తోటమట్టి, మూడు పాళ్ళు పీట్, రెండు పాళ్ళు ఇసుక. అందులో పీట్ పావు వంతు మాత్రమే. 1950లలో కాలిఫోర్నియాలో మట్టి లేకుండా ఇసుక, పీట్ కలిపిన మిశ్రమాలు వచ్చాయి, 1960లలో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి పీట్‌కు వర్మిక్యులైట్, పెర్లైట్ అనే, వేడితో ఉబ్బించిన తేలిక ఖనిజాల గుళికలు కలిపిన తేలిక మిశ్రమాలు వచ్చాయి. ఆ తరువాతే సంచి అంటే పీట్, పీట్ అంటే సంచి అన్నట్టుగా మారిపోయింది. అంతకు ముందు తోటమాలులు పచ్చిక గడ్డలను పేర్చి మాగబెట్టిన మట్టిని, ఆకుల ఎరువును, ముతక ఇసుకను కలిపి వాడేవారు. గొప్ప గొప్ప తోటలన్నీ ఆ మిశ్రమంతోనే పెరిగాయి.

పీట్‌కు దక్కవలసిన మెప్పు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. అది తేలిక. నీటినీ గాలినీ ఒకేసారి పట్టుకుంటుంది. కలుపు విత్తనాలు, తెగుళ్ళు తక్కువ. ఈ ఏడాది కొన్న సంచి, వచ్చే ఏడాది కొన్న సంచి ఒకేలా ఉంటాయి. పోషకాలు లేవు కనుక నర్సరీ వారు తమకు కావలసినంత ఎరువును కొలిచి కలుపుకోవచ్చు. ఆమ్లం ఎక్కువ, దాని ఉదజని సూచిక (పీహెచ్) 3.5 నుంచి 4.5 దాకా ఉంటుంది కనుక సున్నం కలిపి సరిచేస్తారు. ఇవన్నీ నిజాలే. లక్షల నారు ట్రేలు నింపే నర్సరీకి ఈ సౌకర్యం ఎంత విలువైనదో నాకు తెలుసు. కానీ పాదుల్లో, మడుల్లో నేలను బాగు చేయడానికి పీట్ కలపమని ఎవరైనా చెబితే నమ్మకండి. పోషకం లేదు, కొద్దికాలంలో కరిగిపోతుంది, ఒకసారి బాగా ఎండితే నీటిని తీసుకోదు. ఆ పనికి పశువుల ఎరువు, కంపోస్టు అన్ని విధాలా మేలైనవి.

ఇంకొక అభ్యంతరం ఉన్నది, దానిని దాటవేయను. పీట్ నేలలకు జరిగే నష్టంలో తోటల వాటా చిన్నది కదా అంటారు. అవును, చిన్నదే. పొలాల కోసం, కలప తోటల కోసం, ఇంధనం కోసం ఎండబెట్టిన నేలలే ఎక్కువ. ప్రపంచ పీట్ నేలల్లో 12 శాతం దాకా ఇప్పటికే చెడిపోయాయి, మనుషుల వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో సుమారు 4 శాతం ఈ చెడిన నేలల నుంచే వస్తున్నది. అందులో అధిక భాగం మన కుండీల పాపం కాదు. అయితే ఒక మాట ఆలోచించండి. ఎండబెట్టిన పీట్ నేల మీద పంట పండించే రైతును మానుకోమంటే అతని బతుకుతెరువు అడ్డం వస్తుంది. ఇంటి ముందు పూల కుండీలో పీట్ మానుకుంటే ఎవరి బతుకు ఆగుతుంది? అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. పొలం కింద పీట్ కొంత మిగిలే ఉంటుంది, నీరు నిలిపితే అది చివకడాన్ని ఆపుకోవచ్చు. సంచిలోకి ఎక్కిన పీట్‌ను తిరిగి ఆపే దారి లేదు.

ప్రభుత్వాలు చేసిన పని గురించి ఎక్కువసేపు మాట్లాడను. ఇంగ్లండ్‌లో 2011లోనే, ఇంటి తోటల్లో 2020 నాటికి పీట్ వాడకం స్వచ్ఛందంగా ఆగాలని లక్ష్యం పెట్టుకున్నారు, ఆగలేదు. 2024 నాటికి ఇంటి తోటలవారికి పీట్ సంచుల అమ్మకాన్ని నిషేధిస్తామని 2022లో ప్రకటించారు, ఆ ఏడాది గడిచిపోయినా చట్టం రాలేదు. ఐర్లండ్‌లో మాత్రం దశాబ్దాలుగా పీట్ తీసిన ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా, ఆ పనిని పూర్తిగా విరమించినట్టు 2021 జనవరిలో ప్రకటించి, తాను తవ్విన నేలల్లోనే మళ్ళీ నీరు నింపే పనికి దిగింది. లండన్‌లోని క్యూ ఉద్యానవనం, ప్రపంచంలోని అత్యంత సున్నితమైన మొక్కలు ఎన్నో పెంచే చోటు, మూడు దశాబ్దాలకు పైగా పీట్ లేకుండానే నడుస్తున్నది. చట్టం కోసం ఎదురుచూడనవసరం లేదని చెప్పడానికి ఆ ఒక్క తోట చాలు అని నా అభిప్రాయం.

పీట్ లేని మిశ్రమంతో పని

ఇప్పుడు మిగిలిన మూడు గిన్నెల దగ్గరికి వద్దాము. ఎక్కువసేపు ఇక్కడే గడపాలని నా కోరిక, ఎందుకంటే పీట్ మానేయాలని ఉత్సాహంగా మొదలుపెట్టి మొదటి సీజన్‌లోనే మళ్ళీ పాత సంచికి వెళ్ళిపోయినవారు చాలామంది. నేను కూడా మొదటి ఏడాది టమాటా నారులో సగం పోగొట్టుకున్నాను. ఆ నారు చావడానికి కారణం మిశ్రమం కాదు. పీట్‌కు పోసినట్టే దానికీ నీళ్ళు పోశాను. కొబ్బరి పొట్టు పైన ఎండినట్టు కనబడుతుంది, లోపల తడిగానే ఉంటుంది. పైన చూసి నీళ్ళు పోస్తే అడుగున వేళ్ళు కుళ్ళిపోతాయి. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది, మీకు పట్టకూడదని ఇంత వివరంగా చెబుతున్నాను. కంటితో చూసి నీళ్ళు పోయకండి. వేలిని రెండవ కణుపు దాకా గుచ్చి చూడండి, లేదా కుండీని ఎత్తి బరువు చూడండి. తడిసిన కుండీ బరువు, ఎండిన కుండీ బరువు వారం రోజుల్లో చేతికి అలవాటవుతాయి.

కొబ్బరి పొట్టులో ఇంకొక చిక్కు ఉప్పు. డొక్కలను ఉప్పుకయ్య నీటిలో నానబెట్టి ఉంటే సోడియం, పొటాషియం ఎక్కువగా ఉంటాయి, అవి కాల్షియం, మెగ్నీషియం అందకుండా అడ్డుపడతాయి. మంచి తయారీదారులు దానిని మంచినీటితో కడిగి, కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి అమ్ముతారు. ఇటుకలా నొక్కిన పొట్టు కొంటే, నానబెట్టిన నీటిని పారబోసి ఇంకా రెండు సార్లు మంచినీటితో కడగండి. ఒంటరిగా వాడకండి, దానిలోనూ తిండి లేదు. ఈ పొట్టు దూరం నుంచి ఓడల్లో రావలసిన చోట అదే అన్నింటికీ మందు అని కూడా నేను చెప్పను. దగ్గరలో ఏది మిగులుగా దొరుకుతుందో దానితోనే మిశ్రమం కట్టుకోవడం మంచిది.

బెరడు, చెక్కపీచు వేరే రకం. ఇవి గాలిని బాగా పట్టుకుంటాయి, నీరు త్వరగా దిగిపోతుంది. ఇందులో గమనించవలసినది నత్రజని. చెక్కను చివకబెట్టే సూక్ష్మజీవులు తమ ఒంటి కోసం నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్కకు మిగలదు. ఆకులు పాలిపోతే చాలామంది మిశ్రమం మంచిది కాదని పారేస్తారు. పారేయకండి, కొద్దిగా ద్రవ ఎరువు ఇవ్వండి. పీట్ లేని మిశ్రమంలో నాటిన మొక్కకు నాలుగు వారాలు గడిచేసరికి తిండి పెట్టడం మొదలుపెడితే ఈ ఇబ్బంది రాదు. జీవమున్న మిశ్రమం కనుక సంచిలో ఉన్నా మారుతూనే ఉంటుంది, అందుకని కొన్న సీజన్‌లోనే వాడేయండి.

నాలుగవ గిన్నె నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. ఆకుల ఎరువు. రాలిన ఆకులను పోగు చేసి, తడిపి, గాలి ఆడే బుట్టలోనో కన్నాలు పొడిచిన సంచిలోనో నింపి వదిలేస్తే, ఏడాదిలో నేల మీద పరచడానికి, రెండేళ్ళలో విత్తనాలు చల్లడానికి తగిన మెత్తని ఎరువు వస్తుంది. దీనిని తయారు చేసేవి ఎక్కువగా శిలీంధ్రాలు, అందుకే కంపోస్టు కుప్పలా వేడెక్కదు, తిరగెయ్యనవసరం లేదు. దీనికి కావలసినది తడి, ఓర్పు. నీటిని పట్టుకునే గుణంలో పీట్‌కు ఇంత దగ్గరగా వచ్చేది ఇంటి దగ్గర ఇంకొకటి తయారు కాదు. జల్లెడ పట్టిన ఆకుల ఎరువు, ముతక ఇసుక సమపాళ్ళలో కలిపితే మొలకలకు సరిపోతుంది. పెద్ద కుండీలకైతే తోటమట్టి, బాగా మాగిన కంపోస్టు, ఆకుల ఎరువు సమంగా తీసుకుని, నీరు దిగడానికి కాస్త ముతక ఇసుక కలపండి. బయటి నుంచి తెచ్చిన కంపోస్టు మీద అనుమానం ఉంటే, ఒక కుండీలో నింపి నాలుగు చిక్కుడు గింజలు వేయండి. మొలకల ఆకులు ముడుచుకుని వంకర్లు పోతే అందులో కలుపుమందు అవశేషాలు ఉండే అవకాశం ఉన్నది, దానిని కుండీలకు వాడకండి.

దాగి ఉన్న పీట్ గురించి కూడా చెప్పాలి. సంచి కొనడం మానేసినా, మొక్క కొన్నప్పుడు దాని వేళ్ళ చుట్టూ పీట్ వస్తుంది. నారు ట్రేల గడుల్లో, ఇంటి లోపల పెంచే మొక్కల కుండీల్లో, పుట్టగొడుగుల మడుల మీద పరిచే పొరలో అది ఉంటుంది. సంచి మీద సేంద్రియం అని, సహజం అని, పర్యావరణానికి మేలు అని రాసి ఉన్నంత మాత్రాన పీట్ లేదని అర్థం కాదు. పీట్ సహజమైనదే కదా. పీట్ తగ్గించినది అని రాస్తే సగానికి పైగా పీటే ఉండవచ్చు. పీట్ లేనిది అని స్పష్టంగా రాసి ఉంటేనే నమ్మండి. రాసి లేకపోతే అడగండి. మీరు అడిగిన ప్రతిసారీ నర్సరీ వారు ఆ ప్రశ్నను తమకు సరుకు ఇచ్చేవారి దగ్గరికి తీసుకువెళతారు, ఇది నేను స్వయంగా చూసిన సంగతి.

ముందు వరుసలోని అమ్మగారు ఏదో అడుగుతున్నారు. పురుగులను తినే మొక్కలు పెంచుతున్నారట, వాటికి పీట్ తప్ప వేరే దారి ఉన్నదా అని. మంచి ప్రశ్న, నిజంగా కష్టమైన ప్రశ్న కూడా. ఆమ్లం కోరే చాలా మొక్కలకు మాగిన పైన్ బెరడు, వాన నీరు సరిపోతాయి. డ్రోసెరా వంటివి మాత్రం ఉప్పు, పోషకం ఏమాత్రం ఓర్వలేవు కనుక కడగని కొబ్బరి పొట్టులో చనిపోతాయి. వాటికి పీట్ బదులు బతికి ఉన్న స్ఫాగ్నం నాచునే వాడవచ్చు, కానీ దానిని చిత్తడి నుంచి పీకి తెస్తే ఒక తప్పుకు ఇంకొక తప్పు తోడవుతుంది. అందుకే జర్మనీలో గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, చెడిపోయిన పీట్ నేలల్లో మళ్ళీ నీరు నింపి, స్ఫాగ్నాన్ని పంటలా పెంచి కోసే పద్ధతిని పరీక్షిస్తున్నారు. కోసినది మళ్ళీ పెరుగుతుంది, అడుగున ఉన్న పీట్ తడిగా భద్రంగా ఉంటుంది. తిరిగి తడిపిన నేల మొదట్లో కొంత మీథేన్‌ను, అదీ భూమిని వేడెక్కించే వాయువే, వదులుతుంది, దానిని దాచకూడదు. అయితే మీథేన్ గాలిలో సుమారు పన్నెండేళ్ళే నిలుస్తుంది, ఎండిన పీట్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రం శతాబ్దాల తరబడి ఉండిపోతుంది. తడపడమే మేలు.

ఇంకొకరు, ఇంట్లో ఇప్పటికే సగం సంచి పీట్ ఉన్నది, ఏమి చేయమంటారు అని అడుగుతున్నారు. పారేయకండి. దానిని తిరిగి చిత్తడిలో కలిపే మార్గం లేదు. అతి చిన్న విత్తనాలకు, వేళ్ళూనని కొమ్మలకు కొద్దికొద్దిగా వాడుకోండి, అయిపోయాక ఇంకొకటి కొనకండి. ఈ వానాకాలం వచ్చేలోగా ఒక బుట్ట ఆకులు పోగు చేసి పెట్టండి, అది మాగేసరికి ఆ సంచి పూర్తవుతుంది.

నా సమయం అయిపోయింది. దయచేసి ముందుకు రండి, ఈ నాలుగు గిన్నెల్లోనూ చేయి పెట్టి చూడండి. పక్కన చెంబుతో నీళ్ళు ఉంచాను. నాలుగింటిలోనూ కొద్దికొద్దిగా పోయండి. మొదటి గిన్నెలోని పీట్ వారం రోజులుగా ఎండలో ఉన్నది, దాని మీద నీళ్ళు ఏమవుతాయో, ఆకుల ఎరువు మీద ఏమవుతాయో మీరే చూడండి. ఒకరి తరువాత ఒకరు రండి, తొందర లేదు.